లైటుకి రాసిన గ్రీజు

ఊళ్ళో అతన్ని బిగింపు మేస్త్రి అంటారు. నీళ్ళ పంపులు బాగుచేయడం అతని పని. రేవు వీధిలో ఒక షట్టరు కొట్టు, గోడకి వరసగా పానాలు, బల్ల మీద ఎప్పుడు చూసినా పొట్ట విప్పుకుని పడుకున్న మోటారొకటి. అతని చేతి కిందనుంచి వెళ్ళిన పంపు మళ్ళీ చుక్క కారుతోందని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. అతనికున్న ఆస్తి అదే, అహంకారమూ అదే.

చిక్కల్లా ఇంట్లోనే. కొట్లో అలవాటు పడిన చెయ్యి ఇంటికొచ్చాక ఊరుకోదు. అతను కట్టిన కుళాయి మళ్ళీ అతనే తిప్పాలి. ఉప్పు సీసాకి అతను మూత పెట్టాడంటే ఇంక ఆ ఉప్పు మీద ఆశ వదులుకోవాల్సిందే. వాళ్ళ అత్తగారు కూతురి దగ్గరే ఉంటుంది, ఆవిడకి నోరు కాస్త పెద్దది. "మా అల్లుడు పనిమీద పొరుగూరు వెళ్ళాడంటే ఆ పూట మాకు చప్పిడి తిండే" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. మేస్త్రి నవ్వేసి ఊరుకుంటాడు. ఆ మాట అతనికి పొగడ్తలాగే వినిపిస్తుంది.

అలాంటి మనిషి మూడు వారాలుగా నవ్వడం మానేశాడు. ఎందుకు మానేశాడో అతనికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

అతని భార్య ఊరి చివరున్న సముద్ర పరిశోధన కేంద్రంలో డైవరు. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుక్కి దిగి రాతిరొయ్యల్ని లెక్కపెట్టి రావడం ఆమె ఉద్యోగం. రాతిరొయ్యలంటే మూరెడు మీసాలతో, ముళ్ళ పెంకుతో ఉండే పెద్ద జాతి. పగలంతా బండల కింద ముసుగుతన్ని పడుకుంటాయి, చీకటి పడ్డాకే షికారుకి బయల్దేరతాయి. అందుకని వాటిని లెక్కపెట్టేవాళ్ళూ చీకటి పడ్డాకే దిగాలి. వారానికి రెండు సార్లు, ఇద్దరిద్దరుగా. సిలిండరూ సూటూ కేంద్రం ఇస్తుంది. లైటు మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలన్నది అక్కడి రూలు. ఏ పెద్దమనిషి పెట్టాడో గానీ ఆ రూలు పెట్టినవాడు ఒక్కసారైనా రాత్రిపూట నీళ్ళలో దిగి ఉండడు.

ఆ లైటు సంగతి చెప్పాలి. చూడ్డానికి మామూలు టార్చిలాగే ఉంటుంది. తలకాయ మరలు తిప్పి ఊడదీస్తే లోపల బ్యాటరీలు. మూత దగ్గర సన్నటి రబ్బరు రింగు ఉంటుంది, కుక్కరు మూతకుండే రబ్బరులాంటిదే. సముద్రానికీ బ్యాటరీలకీ మధ్య అడ్డం ఉన్నదల్లా ఆ ఒక్క రింగు. దాని మీద ఇసుక రేణువు పడినా, తలవెంట్రుక ఇరుక్కున్నా నీళ్ళు లోపలికి దారి చేసుకుంటాయి.

ఆ ఆదివారం పొద్దున ఆమె కొత్త బ్యాటరీలు వేసి, రింగు తుడిచి, లైటుతోపాటు వచ్చిన తెల్లటి జెల్లు దానికి కొంచెం రాసి, మూత పెట్టి అలమారలో ఉంచింది. మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే మేస్త్రి కంట్లో ఆ లైటు పడింది. మూత పట్టుకుని చూశాడు. రెండు వేళ్ళతో తిప్పితే ఊడి వచ్చేసింది. ఇంత వదులుగా పెట్టుకుని సముద్రంలోకి దిగుతుందా అనుకున్నాడు. రింగు చూస్తే జెల్లు ఉందో లేదో అన్నట్టు ఉంది. సంచిలోంచి పంపుల బేరింగులకి వాడే పసుపుపచ్చ గ్రీజు డబ్బా తీశాడు, వేలినిండా తీసుకుని రింగుకి దట్టంగా పట్టించాడు, గుడ్డ చుట్టి తన పద్ధతిలో తాను బిగించాడు. పెళ్ళాం మీద ప్రేమతోనే చేశాడు. అందులో అనుమానమేమీ లేదు.

బుధవారం రాత్రి పన్నెండు మీటర్ల లోతులో లైటు రెండుసార్లు మిణుకుమంది, ఎర్రబడింది, ఆరిపోయింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే అయింది ఆమెకి. జంటగా దిగినవాడు అటు తిరిగి ఏదో బండ కింద చూస్తున్నాడు. తడుముకుంటూ వెళ్ళి, అతను ఈదడానికి కాలికి తొడుక్కున్న రబ్బరు రెక్క పట్టుకుంది. ఇద్దరూ ఒకే లైటుతో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెల్లగా పైకొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి ఆ కథంతా నవ్వుతూనే చెప్పింది.

మర్నాడు పొద్దున వంటింట్లో మూత తీయబోతే రాలేదు. తుప్పు పట్టేసిందనుకుని "బావా, కాస్త తీసిపెట్టు" అని అతని చేతికిచ్చింది. అతను తీశాడు. గోధుమరంగు నీళ్ళు కారాయి. రింగు ఉబ్బిపోయి, సాగిపోయి, గాడి వదిలి బయటికి వేలాడుతోంది. ముక్కుకి తన గ్రీజు వాసనే తగిలింది. పంపుల రబ్బరు ఆ గ్రీజుకి అలవాటు పడిన రబ్బరు. ఈ రింగు వేరే రకం, నూనె తగిలితే తాగి తాగి ఉబ్బిపోయే రకం. అలాంటి రబ్బరు ఉంటుందని అతనికి తెలుసు, పాతికేళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది. ఆరోజు మాత్రం ఆ ఆలోచనే రాలేదు.

నోరు తెరిచేలోపే వెనకనుంచి ఆమె అంది. "ఆదివారం హడావిడిగా మూశాను బావా. వెంట్రుకేదో రింగు కింద పడి ఉంటుంది. నా తప్పే."

అతను "ఊఁ" అన్నాడు.

అంతే. అబద్ధం అని కూడా అనలేం, ఒక్క మూలుగు. సాయంత్రం చెప్పొచ్చులే అనుకున్నాడు. రింగు జేబులో వేసుకుపోయి కొట్టు వెనక చెత్తబుట్టలో పడేశాడు. సాయంత్రం చెప్పలేదు. మర్నాడు చెబుదామంటే, నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతుంది కదా అనిపించింది. మూడో రోజుకి ఆ ప్రశ్న మూడింతలైంది. అలా రోజుకింత ముదిరి, మూడు వారాలయ్యేసరికి కక్కలేక మింగలేక తిరుగుతున్నాడు.

ఈలోగా ఆమె మారిపోయింది. తలుపు తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసేది. మంచినీళ్ళ సీసా మూత పెట్టి, తలకిందులు చేసి, కారడం లేదని చూసుకుని అప్పుడు సంచిలో వేసుకునేది. పొయ్యి కట్టేశానా అని పడుకున్నాక లేచి వెళ్ళేది. రాత్రి డైవింగు వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒకసారి జలుబు, ఒకసారి చెవి పోటు. జలుబు చేసిన మనిషి ఒక్కసారైనా తుమ్మాలి కదా, తుమ్మలేదు. మేస్త్రికి అన్నీ కనబడుతూనే ఉన్నాయి.

సోమవారం కేంద్రం పెద్దాయన ఫోన్ చేశాడు. మంచివాడే. "అమ్మా, రాత్రి లెక్కింపు ఎన్నాళ్ళని ఆపను? గురువారం దిగుతావా చెప్పు. లేకపోతే నిన్ను పగటి లెక్కల గదిలో వేసి నీ చోట ఇంకొకర్ని తీసుకుంటాను. ఏ సంగతీ బుధవారం పొద్దున్నకల్లా చెప్పు" అన్నాడు. ఆమె సరేనండి అంది. పెద్దగా మాట్లాడే మనిషి, ఆ సరేనండి పక్కనున్నవాళ్ళకే సరిగ్గా వినపడలేదు.

ఆ రాత్రి మేస్త్రి చేతులు కడుక్కుంటుంటే అత్తగారు తువ్వాలు అందించి, గొంతు తగ్గించి అంది. "పోనీలే నాయనా, మన మంచికే. లెక్కల గదైతే ఫ్యాను కింద కూర్చునే పని. చీకటి పడేసరికి ఇంట్లో ఉంటుంది. అది దిగిన రాత్రుళ్ళు నాకు కన్ను మూతపడదు, నీకు మాత్రం పడుతుందా?"

మేస్త్రి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. నిజమే, అతనికీ పడదు. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, అందరికీ నిద్ర. తను చేసిన పని ఎప్పటికీ బయటికి రాదు. ఆ ఆలోచన అతనికి ఒక్క క్షణం తియ్యగానే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే గదిలో ఆమె మంచం అంచున కూర్చుని రెండు అరచేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటోంది. ఎనిమిదేళ్ళు నీళ్ళ అడుగున పనిచేసిన చేతులు. వాటిని ఎవరివో అన్నట్టు చూస్తోంది. తియ్యదనం కాస్తా చేదెక్కింది.

"రేపు లైటు కొందాం" అన్నాడు గుమ్మంలోంచి.

"ఎందుకు బావా, ఇప్పుడు."

"ఊరికే చూద్దాం రా. చూస్తే పోయేదేముంది."

చెప్పాల్సిన మాటకి బదులు ఏదైనా మంచి వస్తువు కొనిపెడితే చాలదా అన్నది అతని లెక్క. మగవాళ్ళలో చాలామందికి ఈ లెక్క ఉంటుంది, ఎప్పుడూ తేలదు.

డైవింగు సామాన్ల కొట్టు రేవు వీధి చివర, సన్నటి పొడుగాటి గది. సీలింగు నుంచి నల్లటి రబ్బరు సూట్లు వేలాడుతుంటాయి, లోపలికి వెళ్ళాలంటే వాటి కాళ్ళు తప్పించుకుంటూ వెళ్ళాలి. కొట్టు నడిపే ఆవిడకి అరవై దాటాయి. ఒకప్పుడు నీళ్ళలో దిగి ఓడల అడుగున పట్టిన నాచూ గవ్వలూ గీకే పని చేసేది. అందరూ పెద్దక్క అంటారు. నీటి ఒత్తిడికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, అందుకని తను అరిచి మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళ చేతా అరిపిస్తుంది. మంగళవారం మధ్యాహ్నం వీళ్ళు వెళ్ళేసరికి ఇంకో మనిషి మూలన బల్ల మీద కూర్చుని కాలి రెక్కలు తొడిగి చూసుకుంటున్నాడు.

మేస్త్రి తిన్నగా అద్దాల బీరువా దగ్గరికి వెళ్ళి, అన్నిటికంటే పెద్ద లైటు మీద వేలు పెట్టాడు. మోచేతంత ఉంది. "ఇది ఇవ్వండి పెద్దక్కా." ధర చీటీ చూశాడు, తన రెండు నెలల సంపాదన. అయినా మళ్ళీ అదే చూపించాడు.

పెద్దక్క అతన్ని పైనుంచి కిందకి చూసింది. "ఇది పెట్టుకుని సముద్రం అడుగున పెళ్ళి చేయొచ్చు బాబూ. మీ ఆవిడ చేసేది రొయ్యల లెక్కే కదా? మన రేవు నీళ్ళు బురద నీళ్ళు. ఇంత వెలుగు వేస్తే ఆ బురదే తెల్లగా మెరిసి కళ్ళు బైర్లు కమ్ముతాయి. మంచులో బండి పెద్ద లైటు వేసినట్టు ఉంటుంది. రొయ్యలా, అవి ఈ ఊరు వదిలి పోతాయి."

"మంచిది ఉండాలి కదండీ. నమ్మకంగా."

"నమ్మకం ధరలో ఉండదు. ఇలా రా అమ్మా నువ్వు, వాడేదానివి నువ్వు కదా." బల్ల మీద గుడ్డ పరిచి మూడు చిన్న లైట్లు పెట్టింది. "వెలుగు సన్నగా, సూటిగా పడాలి. గంటసేపు ఒకే తీరున వెలగాలి, మొదట దంచికొట్టి తర్వాత నీరసపడేది పనికిరాదు. బ్యాటరీ వీధి చివర కిరాణా కొట్లో దొరికేది అయ్యుండాలి. రింగు పాడైతే మార్చుకోవడానికి విడిగా దొరకాలి. చేతి తొడుగులతో స్విచ్చి తిరగాలి. ఇవన్నీ ఉన్న మామూలు లైటు చూసుకుని, ఒకటి కాదు, రెండు కొను. ఒకటి చేతిలో, ఒకటి జేబులో. అన్నేళ్ళు పనిచేశావు, జేబులో రెండోది ఎందుకు లేదు నీకు?"

"ఒకటి చాలనుకున్నాను అక్కా."

"అందరూ అలాగే అనుకుంటారు. బాబు చూపించిన దాని ధరలో ఇవి ఆరు వస్తాయి. చూడు, పట్టుకో."

ఆమె చెయ్యి చాచలేదు. రెండు చేతులూ చొక్కా పొడుగు చేతుల్లోకి లాక్కుని నిలబడింది. "మీరే ఏదో ఒకటి ఇచ్చేయండి అక్కా. ఏది కొన్నా మూత పెట్టేది ఈ చేతులే కదా."

మామూలుగానే అంది ఆ మాట. అయినా పెద్దక్క గుడ్డ సర్దడం ఆపి, ఏం జరిగిందో చెప్పమంది. ఆమె చెప్పింది. ఈసారి నవ్వకుండా చెప్పింది. చీకట్లో కాలి రెక్క దొరికేవరకూ తను ఒకే ఒక్క మాట అనుకుందట, నా చేత్తో నేనే చేసుకున్నాను అని. మేస్త్రి ఈ ముక్క వినడం ఇదే మొదటిసారి.

"వెంట్రుక కనబడిందా మరి, రింగు మీద?" అంది పెద్దక్క.

"నేను చూడలేదు. మూత తీసింది బావ."

ఇద్దరూ అతని వైపు తిరిగారు. మేస్త్రి బీరువా వైపు చూశాడు, సూట్ల కాళ్ళ వైపు చూశాడు. తర్వాత వినపడీ వినపడనట్టు, "వెంట్రుక లేదు. గ్రీజు. నేను రాశాను" అన్నాడు.

"ఏంటి బాబూ?" పెద్దక్క కుడి చెవి ముందుకు తిప్పింది. "గట్టిగా చెప్పు, నాకు ఓ చెవి లేదు."

"గ్రీజు."

"ఫీజా? ఎవరికి?"

మూలనున్న మనిషి రెక్కలు తొడుక్కోవడం ఆపేసి చూస్తున్నాడు. ఇంక తప్పదని మేస్త్రి ఊపిరి తీసుకున్నాడు. మూడు వారాలు లోపల దాచుకున్న మాటని కొట్టంతా మోగేలా అరిచి చెప్పాల్సి వచ్చింది. "నేనే పాడుచేశానండీ ఆ లైటు. మా ఆవిడ సరిగ్గానే మూసింది. ఇది పడుకున్నాక నేను మూత తీసి, రింగుకి పంపుల గ్రీజు రాసి, మళ్ళీ బిగించాను. ఆ గ్రీజుకి రింగు ఉబ్బిపోయింది. చూశాను, తెలిసింది, అయినా చెప్పలేదు."

చెప్పి తలదించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు, విసురుగా బయటికి వెళ్ళిపోతుందనుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదు. ఆమె పనిలో ఉన్నప్పుడు ఎలా అడుగుతుందో అలా, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

"ఎప్పుడు రాశావు?"

"ఆదివారం మధ్యాహ్నం."

"నేను మూసిన తర్వాతే కదా?"

"తర్వాతే."

"నువ్వు తీసినప్పుడు రింగు ఎలా ఉంది? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"గుర్తు తెచ్చుకునేదేముంది, మూడు వారాలుగా అదే కళ్ళ ముందు ఉంది. శుభ్రంగా ఉంది. వెంట్రుక లేదు, ఇసుక లేదు. గాడిలో కుదురుగా కూర్చుంది. జెల్లు పల్చగా, అంతటా ఒకే తీరుగా ఉంది. అది చాలదని నాకే అనిపించింది."

"పల్చగానే ఉండాలి" అంది ఆమె.

"ఇప్పుడు తెలిసింది."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. మొదట నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలో ఏడుపైంది. మోకాళ్ళ మీదికి వంగి, మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దక్క ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. మూలనున్న మనిషి మర్యాదగా అటు తిరిగి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"నేను సరిగ్గానే మూశాను" అంది ఆమె తలెత్తి, ముక్కు ఎగబీల్చి. "అక్కా, నేను సరిగ్గానే మూశాను."

"విన్నాను తల్లీ. ఊరంతా వింది."

"రేపు పొద్దున ఫోన్ చేసి లెక్కల గదికి వచ్చేస్తానని చెప్పేదాన్ని." ఇది మేస్త్రిని చూస్తూ అంది. "ఇంకొక్క రోజు ఆగి ఉంటే అయిపోయేది."

అతనికి క్షమించమనడానికి మొహం చెల్లలేదు.

"కోపం ఉంది నాకు. చాలా ఉంది" అంది ఆమె. "దాని సంగతి ఇంటికెళ్ళాక చూసుకుందాం. అమ్మ కూడా ఉంటుంది, ఇద్దరం కలిసి చూసుకుంటాం. ఇప్పుడు నాకు లైటు కావాలి."

లేచి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. పెద్దక్క అందించిన చేతి తొడుగులు వేసుకుని, కళ్ళు మూసుకుని మొదటి లైటు పట్టుకుంది. దాని స్విచ్చి నొక్కే రకం. "జేబులో ఒత్తుకుని దానంతటదే వెలిగేస్తుంది, నేను దిగేసరికి బ్యాటరీ ఖాళీ" అని పక్కన పెట్టింది. రెండోదాని మూత చివర్లో బలంగా తిప్పితే తప్ప కూర్చోవడం లేదు. బలం పెట్టాల్సిన మూత వద్దని, భర్త వైపు చూడకుండానే, దాన్నీ పక్కన పెట్టింది. మూడోది బూడిదరంగుది, అందచందాలేమీ లేవు. మూత రెండు వేళ్ళతో తిరిగి, లోహానికి లోహం తగిలి టక్కుమని ఆగింది. అంతకంటే తిప్పాలన్నా తిరగదు. ఆమె దాన్ని తీసి, పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. ఆ చేతుల్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో అనిపించింది మేస్త్రికి.

"ఇవి రెండు ఇవ్వండి అక్కా. రింగులు ఇంకో నాలుగు."

పెద్దక్క వెంటనే కట్టి ఇచ్చే రకం కాదు. కొత్త లైటు ఏదైనా సరే, బ్యాటరీ లేకుండా ఒకసారి నీళ్ళు తాగిస్తే తప్ప ఆవిడ అమ్మదు. రెండిట్లోనూ ఒక్కో మెత్తటి కాగితం మడిచి పెట్టింది. "మూతలు నువ్వే వెయ్యి" అని ఆమె ముందుకు తోసింది. ఆమె రింగు తీసి వెలుగులో పట్టి చూసింది, గుడ్డతో తుడిచింది, చిటికెన వేలి కొసతో జెల్లు రాసింది, గాడిలో కూర్చోబెట్టింది, మూత తిప్పింది. రెండోదానికీ అలాగే. అంతసేపూ మేస్త్రి చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. ఎవరూ పెట్టుకోమనలేదు, అతనే పెట్టుకున్నాడు.

ముగ్గురూ రేవు చివరకి నడిచారు. ఎండ తగ్గుముఖం పట్టింది. కట్టిన పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. లైట్లని వలసంచిలో వేసి, సీసం బరువు కట్టి, మీటరుకో ముడి ఉన్న తాడుతో ఆమే కిందకి వదిలింది. పన్నెండు ముడులు లెక్కపెట్టి ఆపింది. ఆరోజు లైటు ఆరిపోయిన లోతూ అంతే. అరగంట ఉంచాలని చెప్పి పెద్దక్క పడవల తాళ్ళు కట్టే గూటం మీద కూర్చుని వీళ్ళకి తన వినపడని చెవి అప్పగించింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది ఆమె, తాడు చేతిలో పట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ.

మేస్త్రి ఈ ప్రశ్నకి మూడు వారాలుగా రకరకాల జవాబులు తయారు చేసుకున్నాడు. ఇప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు. "భయమేసింది. నా వల్ల నువ్వు పోయేదానివి కదా. ఆ మాట నోటితో అంటే నిజమైపోతుందనిపించింది."

ఒక పడవ రేవులోకి వచ్చి ఆగింది. దాంట్లోంచి దిగినవాళ్ళు పెద్దక్కని పలకరించి వెళ్ళారు.

"నా చేతులంటే నాకే భయమేసింది బావా" అంది చివరికి. "కుక్కరు మూత పెట్టాలన్నా భయమే. అది నీకు కనబడుతూనే ఉంది."

"కనబడుతూనే ఉంది."

"ఇంకెప్పుడైనా నా సామాను ముట్టుకున్నావంటే..."

"ముట్టుకోను."

"ముట్టుకో, పర్వాలేదు. అడిగి ముట్టుకో. ముట్టుకున్నాక చెప్పు."

అతను తలూపాడు. మూడు వారాల తర్వాత గుండెల నిండా ఊపిరి అప్పుడు ఆడింది. సముద్రపు గాలి ఇంత బాగుంటుందా అనిపించింది, రోజూ పీల్చే గాలే అయినా.

అరగంట అయింది. ఆమె తాడు పైకి లాగింది. పన్నెండో ముడి నుంచి మొదటి ముడి దాకా మేస్త్రి లోపల్లోపల లెక్కపెడుతూనే ఉన్నాడు. సంచిలోంచి లైటు తీసి, పైన నీళ్ళన్నీ తువ్వాలుతో తుడిచి, తల కిందకి వంచి పట్టుకుని, రెండు వేళ్ళతో మూత తిప్పింది. తేలిగ్గా వచ్చేసింది. లోపలి కాగితం తీసి మడతలు విప్పింది. అరచేతికి ఆనించి చూసింది, చాలక పెదవికి ఆనించి చూసింది. రెండోదీ తీసి అలాగే చూసింది. ఆ తర్వాత పెద్దక్కకి చూపించింది. ఆవిడ వేలితో రుద్ది, బాగుందన్నట్టు తలాడించింది.

ఆమె జేబులోంచి ఫోను తీసింది. "సార్, నేనే. గురువారానికి నా పేరు రాయండి." ఆ గొంతు రేవు అవతలి గట్టు దాకా వినపడింది. పెద్దాయన ఏదో అన్నట్టున్నాడు, "లేదు సార్, జలుబు తగ్గిపోయింది" అని నవ్వింది. అది అసలు నవ్వే, పక్కటెముకలు కదిలే నవ్వు.

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే మేస్త్రి స్తంభానికి ఆనుకుని, జేబుల్లోంచి చేతులు తీయకుండా, అలాగే నిలబడి ఏడుస్తున్నాడు. శబ్దం లేదు గానీ ముక్కూ మొహం ఏకమైపోయాయి. పాతికేళ్ళలో అతను బిగించినదేదీ కారలేదు, ఇవాళ తనే ఆగడం లేదు. పెద్దక్క తాడు చుట్టుకునే మిషతో అటు తిరిగింది.

ఆమె అతని ముందుకొచ్చి నిలబడింది. కాసేపు అలాగే చూసింది. కోపం ఇంకా పోలేదు, ఇంటికెళ్ళాక ఆ పంచాయితీ ఉంది. చేతిలో ఉన్న కాగితం అతని ముందుకు చాచింది.

"తుడుచుకో. పొడిగానే ఉంది."